నా ఫోనుకొచ్చిన వాళ్ల మెసేజీలు

బ్యాంకులో చేరేటప్పుడు డబ్బు లెక్కపెట్టడమే ఉద్యోగం అనుకున్నాను. చివరి పదేళ్లలో నేను చేసిందల్లా తిట్లు తినడం. నోట్లు లెక్కపెట్టడానికి మెషీను వచ్చింది, పద్దులు రాయడానికి కంప్యూటరు వచ్చింది, తిట్లు తినడానికి మాత్రం ఇప్పటికీ మనిషే కావాలి. బెంగాలీ మహానగరంలో రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో మా బ్రాంచి గుమ్మం దాటగానే కుడివైపు ఒక టేబులు, దాని మీద ‘మీకెలా సహాయపడగలం?’ అని మూడు భాషల్లో రాసిన అట్ట ఉండేవి. ఆ మూడింటిలో తెలుగు లేదు. తెలుగుకి నేనే ఉన్నాను.

బ్యాంకుల్లో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈ మధ్య కనబడినప్పుడల్లా అడుగుతున్నారు, అన్నేళ్లు ఎలా నెగ్గుకొచ్చారు ఆంటీ అని. నెగ్గుకు రాలేదు నాయనా, రిటైరయ్యాను, అంతే. ఏదైనా మంచి సంగతి చెప్పమంటారు కూడా. మంచి సంగతులు చెప్పడానికి సన్మాన సభలున్నాయి. నేను చెప్పేది నేను చేసిన ఒక వెధవ పని గురించి. ఓపికుంటే వినండి.

ముందు ఆ రోజులెలా ఉండేవో చెప్పాలి. ఖాతాలో ఇంత ఉండి తీరాలి, లేకపోతే చార్జీ. మెసేజీ పంపినందుకు చార్జీ. చెక్కు తిరిగొస్తే చార్జీ. ఒకసారి రేవులో మూటలు దించే మనిషి నా ముందు కూర్చుని చాలా మర్యాదగా అడిగాడు: “దీదీ, బ్యాలెన్సు లేదని నా డబ్బు కోశారు. లేనివాడి దగ్గర కోస్తూ పోతే ఇంక బ్యాలెన్సు ఎక్కణ్ణించి వస్తుంది?” హెడ్డాఫీసు రూలండీ అన్నాను. రోజుకి ఎన్నిసార్లు ఆ మాట అనేదాన్నో లెక్కలేదు.

దాని మీద ఆన్‌లైను గొడవ. పాస్‌వర్డు మార్చమంటారు, మార్చినది పాతదానిలా ఉండకూడదంటారు. యాప్ మార్చారు, కొత్తది పాత ఫోన్లలో తెరుచుకోదు. సాల్ట్‌లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగాలు చేసే మన తెలుగు కుర్రాళ్లే ఖాతా లాకయిపోయి మొహాలు వేలాడేసుకుని వచ్చేవారు. వాళ్ల గతే అలా ఉంటే రేవు పక్క గదుల్లో ఉండే ముసలమ్మల సంగతి ఏం చెప్పను?

ఆ ముసలమ్మలే నా కథ. పదకొండు మంది. భర్తలు పోర్టులో క్రేను ఖలాసీలుగానో, లిలువా రైల్వే వర్క్‌షాపులోనో పనిచేసి పోయారు. మా నాన్న కూడా ఆ పోర్టు మనిషే. అందరం ఒకే తెలుగు చర్చి, ఒకే స్త్రీల సమాజం. ఖాతాకి ఒక ఫోను నంబరు ఉండి తీరాలని బ్యాంకు ఆర్డరు వేసినప్పుడు వీళ్లలో ఒక్కరికీ ఫోను లేదు. కొడుకుల నంబర్లు రాద్దామంటే, ఆ కొడుకులు రీచార్జి ఆఫరు మారినప్పుడల్లా సిమ్ము మార్చేస్తారు. పైగా పెన్షన్ పడిన సంగతి తమకంటే ముందు కొడుక్కి తెలియడం ఆ తల్లులకి సుతరామూ ఇష్టం లేదు.

“నీ నంబరే ఏసీ అమ్మీ. నువ్వు మాకు పరాయిదానివేటి?” అన్నారు.

వేసేశాను. పదకొండు ఖాతాలకీ నా సొంత నంబరు. ఇది తప్పని నాకు తెలుసు. స్టాఫ్ ఎవరూ తమ నంబరు కస్టమరు ఖాతాకి తగిలించకూడదన్న సర్క్యులరు మీద నేనే సంతకం పెట్టాను. అయినా అప్పట్లో నాకదో గొప్ప సేవలా అనిపించింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర చెట్టు నీడలో నిలబడి, ఫోను తీసి, నీకు పెన్షన్ పడింది, నీకు ఇంత మిగిలింది అని చదివి వినిపించేదాన్ని. వాళ్లు చుట్టూ చేరి తలలూపేవారు. బ్యాంకు లెక్కలు నా ఫోనులో కనబడతాయని మిగతావాళ్లు అనుకునేవారు, ఖాతాల మీద నంబరే నాదని ఆ పదకొండు మందికే తెలుసు. ఏక్‌బాల్‌పూర్ నుంచి లిలువా దాకా నాకు ‘బ్యాంకమ్మ’ అన్న పేరు అలాగే వచ్చింది. ఆ పేరంటే నాకెంత మురిపెమో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ పదకొండు ఖాతాల్లో ఒకటి మామూలు ఖాతా కాదు. మా సమాజంలో ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. అది దేవుడి పిడికెడు. కోస్తా నుంచి మా అమ్మమ్మలు పట్టుకొచ్చిన అలవాటు. ఇక్కడికొచ్చాక కొందరు ఉప్పుడు బియ్యానికి అలవాటుపడ్డారు, కొందరు పచ్చిబియ్యం మానలేదు, అందుకని చర్చి వరండాలో రెండు పెద్ద డబ్బాలుంటాయి. రెండూ కలిస్తే అన్నం సగం ఉడికి సగం ఉడకదు. నెలకోసారి ఆ బియ్యం మాలో మేమే కొనుక్కుంటాం. వచ్చిన డబ్బు నిధిలో వేస్తాం. మాలో ఎవరు పోయినా ఆ రోజే శవపేటికకీ బండికీ నిధి నుంచే ఇస్తాం. పేదవాళ్లం కావచ్చు గానీ, మాలో ఏ ఒక్కరి పెట్టె కోసమూ ఎవరూ చేయి చాచకూడదని మా పెద్దల పట్టుదల.

ఆ నిధికి ట్రెజరరు ఒక మామ్మ. అందరూ ఆవిణ్ణి ట్రెజరు మామ్మ అనే పిలిచేవారు. ఎనభైకి దగ్గర పడిన మనిషి, చదువు రాదు, వేలిముద్ర. కానీ లెక్కలో మహా మొండిది. తన బియ్యం తానే కొనుక్కుంటూ కూడా తూకం దగ్గర బేరమాడేది కాదు. ఖాతా ఆవిడ పేరు మీదే ఉంది. సమాజం పేరు మీద తెరవాలంటే రిజిస్ట్రేషను కాగితాలు కావాలి, మా దగ్గర ఎక్కడివి? సమాజం డబ్బంతా ఒక్క మనిషి వేలిముద్ర మీద ఉండేది. ఆవిడ మీద అంత నమ్మకం.

ఇక నా రెండో తప్పు. ఒక మార్చి నెలలో ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలు ఇన్ని తెరవాలని బ్రాంచికి టార్గెట్ వచ్చింది. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా కొంత దాకా బ్యాంకే ఇచ్చి, తర్వాత వడ్డీతో, చార్జీలతో వసూలు చేసుకోవడం. అప్పటి మేనేజరు ఇంచుమించు ఏడుస్తూ నా టేబులు దగ్గరికొచ్చాడు. ఫారంలో ఒక గడిలో టిక్కు పెట్టాలి, అంతే. పదకొండు ఖాతాలకీ నేనే టిక్కు పెట్టి, వేలిముద్రలు వేయించాను. ఇదేటమ్మీ అని ఒకరిద్దరు అడిగారు. మంచిదేలే, అవసరానికి పనికొస్తుంది అన్నాను. ఆ ఏడాది మా బ్రాంచికి గోడ గడియారం ఒకటి బహుమతిగా వచ్చింది.

తర్వాత జరిగింది మీకు అర్థమయ్యేలా చెబుతాను. ఇదివరకు ఖాతాలో డబ్బు చాలకపోతే కౌంటరులో డబ్బు తీసే చీటీ తిప్పి పంపేవారు, డబ్బు లేదని మనిషికి తెలిసేది. ఓవర్‌డ్రాఫ్ట్ వచ్చాక చీటీ తిరగడం మానేసింది. చార్జీలు కోతపడి నిధి తరిగిపోయిన సంగతి తెలియక, మామ్మ ఒక చావుకి ఎప్పటిలా చీటీ పెట్టింది. బ్యాంకు ఇచ్చేసింది. ఇచ్చింది నిధి కాదు, అప్పు. ఆ నెల బియ్యం డబ్బు వేస్తే అది అప్పు కిందకి పోయింది. వడ్డీ పడింది, చార్జీ పడింది. ఇంకో చావు వచ్చింది, మళ్లీ ఇచ్చింది. పాస్‌బుక్కు ముద్రించే మెషీను ఆ రెండేళ్లూ మూలన పడి ఉంది. మామ్మ లెక్కలో నిధి ఉంది, బ్యాంకు లెక్కలో గొయ్యి ఉంది.

మరి మెసేజీలు? ప్రతి కోతకీ ఒక మెసేజీ నా ఫోనుకి వచ్చేది. అందులో పెద్ద తమాషా ఏమిటంటే, నా ఫోనుకి మెసేజీ పంపినందుకు చార్జీ వాళ్ల ఖాతాలో పడేది.

చూశానా అంటే, మొదట్లో చూశాను. తర్వాత తర్వాత విసుగొచ్చింది. పదకొండు ఖాతాల మెసేజీలు, వాటి మధ్య లోన్లు తీసుకోండి, కార్డు తీసుకోండి అని ప్రకటనలు. వేలితో పక్కకి తోసేసేదాన్ని. ఆదివారం పెన్షన్ సంగతి ఒక్కటే చెప్పి ఊరుకునేదాన్ని. చార్జీ పడిందని చెబితే ఎందుకు కోసినారని అడుగుతారు. వారమంతా బ్యాంకులో తిన్న తిట్లు చాలవా, ఆదివారం చర్చి గుమ్మంలో కూడా తినాలా అనుకున్నాను. నా బద్ధకానికి నేను పెట్టుకున్న పేరు అలసట. నిజంగా అలిసిపోయాను కూడా, అబద్ధం చెప్పను. కానీ అలిసిపోయిన మనిషి నా చేత కావడం లేదని చెప్పి ఆ పని ఇంకొకరికి అప్పగించాలి. నేను అప్పగించలేదు.

నా రిటైర్మెంటు ఏడు నెలల్లో ఉందనగా, మాలో ఒకావిడ పోయింది. మంగళవారం. ట్రెజరు మామ్మ పెట్టె కోసం చీటీ రాయించుకుని బ్యాంకుకొచ్చింది. ఈసారి చీటీ తిరిగొచ్చింది. ఓవర్‌డ్రాఫ్ట్ హద్దు కూడా దాటిపోయిందిట. కౌంటరులో బెంగాలీ కుర్రాడు ‘టాకా నేయ్’ అన్నాడు, డబ్బు లేదని. మామ్మ నా వైపు చూసింది. నేను లేచి వెళ్లి కంప్యూటరులో చూసి, “లేదు మామ్మా,” అన్నాను.

“లేదా? లేకపోవడమేటి? నాను లెక్కెట్టి ఏసినాను గదా!”

నా చేతిలో ఉన్న డబ్బు ఇస్తానన్నాను. చేయి విదిలించింది. “నీ డబ్బులు నాకెందుకమ్మీ? సమాజం డబ్బులు ఏవీ?”

ఆ పెట్టె అప్పు చేసి కొన్నారు. మా సమాజంలో అలా జరగడం నాకు తెలిసి అదే మొదటిసారి. అంతే, మాటలు మొదలయ్యాయి. నిధి ఏమైంది? ఎవరి వేలిముద్ర మీద ఉంది? మామ్మ మనవరాలికి కొత్త కుట్టుమిషను ఎలా వచ్చింది? ఎన్ని నోళ్లని మూస్తాం? నేను మాత్రం ఇంటికొచ్చి, టీ కూడా తాగకుండా కూర్చుని, ఫోనులో మెసేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయాను. ఒక్కటీ పోలేదు, అన్నీ వరసగా ఉన్నాయి. ఏ రోజు ఎంత కోశారు, ఎందుకు కోశారు, మొదటి దగ్గర నుంచి.

ఆ ఆదివారం సంఘ పెద్దలు కూర్చున్నారు. మామ్మని నిలబెట్టి అడిగారు. తాను తినలేదని చెప్పింది. అయితే బ్యాంకు కాగితం తీసుకురా అన్నారు. వచ్చే ఆదివారం ప్రభువు బల్ల. ఆ లోపు లెక్క చూపించకపోతే బల్ల నుంచి ఆపుతామన్నారు. బయటివాళ్లకి ఇది చిన్న సంగతిలా ఉండొచ్చు. మాకు అలా కాదు. సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటుంటే ఒక్క మనిషిని కూర్చోబెట్టేయడం అంటే, నువ్వు దొంగవి అని దేవుడి ముందు అందరిచేతా అనిపించడమే. ఎనభై ఏళ్ల మనిషికి ఇంక మిగిలిన ఆస్తి ఏముంది గనక, ఆ పేరు తప్ప.

నేనక్కడే ఉన్నాను. మూడో వరసలో కూర్చుని చేతులు చూసుకుంటున్నాను. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ నా నంబరు సంగతి బయటపడితే చార్జిషీటు, రిటైరయ్యే ముందు. పెన్షనూ గ్రాట్యుటీ ఆగిపోతే నా గతేమిటి? ముందు నంబరు మార్పించి, తర్వాత కాగితం ఇద్దాంలే అనుకున్నాను. ఎందుకంటే ఖాతా కాగితం మీద పైన ఫోను నంబరు కూడా అచ్చు పడుతుంది. నా నంబరు మా వాళ్లందరికీ నోటికొచ్చు.

అదే నెలలో బ్యాంకు ఇంకో కొత్త రూలు పెట్టింది. ఎక్కడో మోసం జరిగిందట, అందుకని ఇకనుంచి ఖాతా కాగితం ఇవ్వాలన్నా, నంబరు మార్చాలన్నా పాత నంబరుకి ఓటీపీ వెళ్లాలి. ఆ సంఖ్య చెబితేనే పని. నంబరు మారాక వారం పాటు ఏ కాగితమూ రాదు. నాకు ఉన్నదే వారం.

సోమవారం మామ్మ వచ్చింది. “సర్వరు పనిచేయడం లేదు మామ్మా, రేపు రా,” అన్నాను. మంగళవారం వచ్చింది. సర్వరు. గురువారం వచ్చింది. సర్వరు. బ్యాంకువాళ్లందరికీ నోటి చివర ఉండే అబద్ధం అది. ఎవరూ కాదనలేరు, ఎవరి తప్పూ కాదు. మూడుసార్లూ ఆవిడ ఆ ఎండలో డాక్ దగ్గర నుంచి నడిచి వచ్చి, నా మాట నమ్మి వెళ్లిపోయింది. మూడోసారి మాత్రం గుమ్మం దగ్గర ఆగి, “ఆ సర్వరు కోసం కూడా పార్తన సేస్తానమ్మీ,” అంది. వేళాకోళం కాదు. నిజంగానే అంది.

శనివారం ఆవిడ గేటు దగ్గర గార్డు దాదాతో మాట్లాడుతుంటే నాకు లోపలికి కనబడింది. ఫోను టేబులు మీదే వదిలేసి, ఫైళ్ల బీరువా వెనక్కి తప్పుకున్నాను. అవును, దాక్కున్నాను. ముప్పై ఏళ్లు దాటిన సర్వీసు, నెరిసిన జుట్టు, బీరువా వెనక.

నేను లేనని చూసి మామ్మ పక్క టేబులు దగ్గరికెళ్లింది. అక్కడ కొత్తగా వచ్చిన అసిస్టెంటు మేనేజరు, వరంగల్ వైపు కుర్రాడు. తెలుగు మాట వినగానే కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

“బాబూ, సర్వరు బాగయినాదేటి?”

“సర్వరు ఎప్పుడు ఖరాబైందమ్మా?”

మామ్మ నా ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసింది. తర్వాత, “నాకు కాయితం గావాల బాబూ. రేపే గావాల,” అని ఖాతా పుస్తకం ముందు పెట్టింది.

అతను కంప్యూటరులో కొట్టాడు. నా టేబులు మీద నా ఫోను మోగింది. “ఓటీపీ వచ్చిందా అమ్మా? ఫోను ఎవలి దగ్గరుంది?” అని అడిగాడు. మామ్మకి ఓటీపీ అంటే ఏమిటో తెలియదు. “అదేటో పక్కన మోగినాది,” అంది. అతను పట్టించుకోలేదు. టైమైపోయింది. మళ్లీ పంపాడు. మళ్లీ నా ఫోనే మోగింది. ఈసారి అతను తల తిప్పి నా ఫోనుని చూశాడు. కంప్యూటరులో నంబరు చివరి అంకెలు కనబడతాయి. వాటిని చూశాడు. బీరువా వైపు చూశాడు. బీరువా కింద నుంచి నా చెప్పులు కనబడుతూ ఉండి ఉంటాయి.

ఆ కుర్రాడు నన్ను పిలవలేదు. మామ్మతోనే, కాస్త గట్టిగా అన్నాడు: “ఇగ ఒక్కసారే ఉందమ్మా. ఇది గూడ పోతే సోమవారం దాంక లాకైతది. పంపమంటవా?”

“పంపు బాబూ.”

మూడోసారి మోగింది. నేను బయటికొచ్చాను. ఫోను తీసి, ఆరంకెలూ ఒక్కొక్కటిగా చదివాను. అతను కొట్టాడు. ప్రింటరు కదిలింది.

మామ్మ నన్నే చూస్తోంది. “నంబరు నీదని ఎరుగుదును. నానే ఏయమన్నాను. అయితే మెసేజీలన్నీ నీకే వచ్చినాయా?”

“వచ్చాయి మామ్మా.”

కుర్రాడు కాగితం మీద ఒక్కో వరసా వేలు పెట్టి చదివి చెప్పాడు. ఇది మెసేజీ చార్జి, ఇది వడ్డీ, ఇది బ్యాలెన్సు లేనందుకు, ఇది హద్దు దాటినందుకు. రెండేళ్లది. చదవడానికి చాలాసేపు పట్టింది. అంతా అయ్యాక మామ్మ అడిగింది, “అయితే ఎవులు తినేసినారు బాబూ?”

అతను తల దించుకుని, “మా బ్యాంకేనమ్మా,” అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. “నాను తిన్లేదని నీకు ఎరికే గదా?”

“ఎరికే.”

“మొన్న ఆదివారం నన్ను నిలబెట్టినప్పుడు కూడా ఎరికే?”

తల ఊపాను. కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. “సర్వరు పాపం మంచిదే,” అని లేచి వెళ్లిపోయింది. నన్ను తిట్టలేదు. రోజంతా తిట్లు తినడం అలవాటైనదాన్ని, ఆ ఒక్క తిట్టు దక్కనందుకు ఏడుపొచ్చింది.

సాయంత్రం సంగతి తెలిసి మేనేజరు పిలిచాడు. బెంగాలీ ఆయన, మనసు మంచిదే. “దీదీ, కిచ్చు లిఖ్‌బేన్ నా,” అన్నాడు. ఏమీ రాసి ఇవ్వకండి, సోమవారం నేనే చూసి నంబర్లు మార్పించేస్తాను, ఎవరికీ తెలియదు. వరంగల్ కుర్రాడు బయట నిలబడి ఉన్నాడు. అతన్ని అడిగాను ఏం చేయమంటావు అని. “మీరు రాస్తె మీకు నష్టం మేడం, రాయకుంటె ఆ అమ్మకు నష్టం. మీరే సోంచాయించుండ్రి,” అన్నాడు. నా కూతురి వయసు కూడా లేదు వాడికి.

ఆదివారం ఆరాధన మధ్యలో పెద్దలు లేచారు. మామ్మ కాగితం ఇచ్చింది. ఒక పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, పై భాగం వదిలేసి అంకెల వరసలన్నీ చూసి అన్నాడు, “చార్జీలు పడ్డాయి, సరే. కానీ ప్రతిదానికీ మెసేజీ వస్తుంది గదా మామ్మా. రెండేళ్లు నీకు తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ సంఘానికి ఎందుకు చెప్పలేదు?”

మామ్మ నా వైపు చూడలేదు. నా పేరు చెప్పలేదు. ఎదురుగా గోడని చూస్తూ నిలబడింది. ఒక్క మాట అంటే చాలు, ఆ నింద అంతా నా మీదకి వచ్చేది. ఆవిడ ఆ మాట అనలేదు. ఎందుకు అనలేదో నేను ఇప్పటిదాకా అడగలేదు, అడిగే మొహం నాకు లేదు.

నేను లేచాను. ఆ మెసేజీలు నాకొచ్చాయి అన్నాను. ఓవర్‌డ్రాఫ్ట్ గడిలో టిక్కు పెట్టింది నేనే అన్నాను. ఫోను తీసి మొదటి మెసేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆరో ఏడో చదివేసరికి పాస్టరుగారు చాలమ్మా అన్నారు. వెనక నుంచి ఎవరో “బ్యాంకమ్మా!” అన్నారు. ఇన్నాళ్లూ ముద్దుగా పిలిచిన పేరు ఆ రోజు చెంపమీద కొట్టినట్టు తగిలింది.

పెద్దలు మామ్మకి దండం పెట్టి క్షమించమన్నారు. ఆవిడ మీద ఏ మాటా లేదని అందరి ముందూ చెప్పారు. తర్వాత బల్ల. వరస వరసగా లేచి వెళ్తున్నారు. మామ్మ వరస వచ్చింది. ఆవిడ లేవలేదు. వినబడలేదేమోనని పెద్దాయన వెళ్లి, “నీ మీద ఏటీ లేదు మామ్మా, రా,” అన్నాడు.

“నా మీద లేదు, నాకే ఉంది,” అంది, చెవులు మందగించిన వాళ్లు మాట్లాడినట్టు గట్టిగా. “ఆ బ్యాంకు పిల్ల మీద నాకు కోపముంది. కోపమెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదు గదా. పోయాక వస్తాను.”

పెద్దలు ఆవిణ్ణి బల్ల నుంచి ఆపాలనుకున్నారు, ఆపలేకపోయారు. ఆవిణ్ణి ఆపింది నేను. ఆ రోజు నేను కూడా లేవలేదు.

సోమవారం ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. మేనేజరు తల పట్టుకున్నాడు. వివరణ అడిగారు, ఇచ్చాను. చివరి ఇంక్రిమెంటు కోశారు, నా రిటైర్మెంటు డబ్బు చాలా నెలలు ఆలస్యమయింది. అదేం పెద్ద శిక్ష కాదు. నిధికి ఒక్క ఏడాది చార్జీలు బ్యాంకు వెనక్కి వేసింది, మిగిలినవి వేయలేదు. ఆ మిగిలిన దాని కోసం నేను రాసిన అర్జీలు ఇప్పటికీ ఏదో టేబులు మీద ఉన్నాయి. అది నేనిస్తానంటే స్త్రీల సమాజం ఒప్పుకోలేదు. “బ్యాంకు తిన్నది బ్యాంకే కక్కాల,” అంది ట్రెజరు మామ్మ. ఆ పదవి నుంచి ఆవిణ్ణి ఎవరూ తీయలేదు, తీయబోతే ఊరుకునేది కూడా కాదు.

నాతో మాట్లాడేది. అవసరమైనంతే. బియ్యం తూకం వేసేటప్పుడు సంచి పట్టుకోమనేది. వందనాలు అంటే వందనాలు అనేది. నెలకొకసారి బల్ల వచ్చేది. ఆవిడ కుడివైపు వరసలో కూర్చునేది, నేను ఎడమవైపు. అందరూ లేచి వెళ్లి వచ్చేవారు. మేమిద్దరం కూర్చునే ఉండేవాళ్లం. ఒక నెల, రెండు, అయిదు. పాస్టరుగారు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేస్తానంటే, ఆవిడ ఒప్పుకోలేదు. కోపం పోయిందని అబద్ధం చెప్పి రొట్టె తినమంటారా అని ఆయన్నే అడిగింది. నేను రిటైరైన రోజు బ్రాంచిలో దండ వేసి శాలువా కప్పారు. సేవాభావం గల ఉద్యోగిని అన్నారు. శాలువా కింద నాకు చెమటలు పట్టాయి.

ఆ తర్వాతి నెల బల్ల రోజున మామ్మ వరస ముందుగా లేచింది. ఆవిడ కూడా లేచింది. హమ్మయ్య, పోయిందన్న మాట అనుకున్నాను. కానీ ముందుకి వెళ్లలేదు. మధ్య దారి దాటి, బెంచీలు పట్టుకుంటూ ఇటువైపు వచ్చి, నా ముందు నిలబడింది. ఒంట్లో బాగుండటం లేదని విన్నాను గానీ, అంత చిక్కిపోయిందని దగ్గరగా చూసేదాకా తెలియలేదు.

“కోపం పోయిందా మామ్మా?” అని అడిగాను.

“పోలేదు,” అంది. “అది పోయేదాకా నానుండేలా లేను. లే, పద.”

నా భుజం పట్టుకుంది. లేచాను.